సింగపూర్ – న్యూయార్క్: దూరం ఎంత, విమాన సమయం ఎంత, రెండు లెక్కలూ ఎందుకు కలవడం లేదు?

అక్షాంశం:
సభ్యులకు నమస్కారం. నేను ఉన్నత పాఠశాలలో భూగోళశాస్త్రం బోధిస్తున్నాను. దూరదూరంగా ఉన్న నగరాల మధ్య దూరాన్నీ, విమాన ప్రయాణ సమయాన్నీ పక్కపక్కనే చూపే పట్టిక ఒకటి తరగతి కోసం తయారు చేస్తున్నాను. ఎక్కడా ఆగకుండా నడిచే సేవల్లో అతి పొడవైనదిగా పేరున్న సింగపూర్ – న్యూయార్క్ వరుస దగ్గరకు వచ్చేసరికి పని నిలిచిపోయింది. దూరం లెక్కగట్టే వెబ్‌సైట్లన్నీ ఇంచుమించు 15,340 కిలోమీటర్లు అంటున్నాయి. 2018 అక్టోబరులో సింగపూర్ ఎయిర్‌లైన్స్ నెవార్క్‌కు ఈ సేవను మళ్లీ మొదలుపెట్టినప్పుడు పత్రికలు రాసిన దూరం మాత్రం సుమారు 16,700 కిలోమీటర్లు. నెవార్క్ విమానాశ్రయం న్యూయార్క్ నగరాన్ని ఆనుకునే ఉంది కాబట్టి ఇంత తేడా దానివల్ల వచ్చింది కాదు.

సమయం సంగతి ఇంకా చిక్కుగా ఉంది. దూరాన్ని గంటకు 800 కిలోమీటర్ల చొప్పున భాగించి పైన ఒక అరగంట కలిపే వెబ్‌సైట్లు పందొమ్మిది గంటల నలభై నిమిషాలు చూపిస్తున్నాయి. టైమ్‌టేబుల్‌లో అంతకంటే దాదాపు గంట తక్కువ ఉంది. 2018లో నెవార్క్‌కు వెళ్లిన ఆ తొలి విమానమైతే 17 గంటల 52 నిమిషాల్లోనే చేరుకుంది. దూరం పెరిగితే సమయం పెరగాలి కదా, ఇక్కడ ఎక్కువ దూరం చెప్పినచోటే సమయం తక్కువగా ఉండటం ఎలా సాధ్యం? పట్టికలో ఏ అంకె వేయాలో తెలిసినవారు వివరించగలరు.

ధ్రువరేఖ:
అక్షాంశం గారూ, ముందుగా 15,340 సంగతి చూద్దాం, ఎందుకంటే మీ అంకెలన్నింటిలోనూ వాతావరణంతో, టైమ్‌టేబుల్‌తో సంబంధం లేకుండా స్థిరంగా ఉండేది అదొక్కటే. భూమిని గోళంగా భావించి, ఆ రెండు నగరాలనూ భూకేంద్రాన్నీ కలుపుతూ కోసినట్లయితే ఉపరితలం మీద ఏర్పడే వలయాన్ని మహావృత్తం అంటారు. రెండు నగరాల మధ్య అతి దగ్గర దారి ఎప్పుడూ ఆ వలయం మీదనే ఉంటుంది. భూకేంద్రం దగ్గర ఆ నగరాల మధ్య ఏర్పడే కోణం తెలిస్తే, ఒక్కో డిగ్రీకి 111.2 కిలోమీటర్ల చొప్పున గుణిస్తే చాలు. సింగపూర్, న్యూయార్క్‌ల మధ్య ఆ కోణం దాదాపు 138 డిగ్రీలు. గుణించి చూడండి, 15,340 వస్తుంది. భూమి నిజానికి ధ్రువాల దగ్గర కొంచెం నొక్కుకుపోయినట్లు ఉంటుంది కాబట్టి, ఆ ఆకారాన్ని లెక్కలోకి తీసుకునే వెబ్‌సైట్లు పది కిలోమీటర్లు అటూఇటూగా చూపిస్తాయి. ఆ తేడాను మీ పట్టికలో పట్టించుకోనవసరం లేదు.

పిల్లలకు నిజంగా చూపించవలసినది ఈ దారి వెళ్లే దిక్కు. సింగపూర్ భూమధ్యరేఖకు ఒకటిన్నర డిగ్రీల లోపే ఉత్తరాన ఉంది. న్యూయార్క్ 40 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటాక ఉంది. రెండింటి రేఖాంశాల మధ్య తేడా దాదాపు 178 డిగ్రీలు, అంటే అవి గోళానికి ఇంచుమించు ఎదురెదురు పక్కల ఉన్నాయి. అందువల్ల అతి దగ్గర దారి సింగపూర్ నుంచి తూర్పుకో పడమరకో పోదు, దాదాపు నేరుగా ఉత్తరానికి బయలుదేరి, ఉత్తర ధ్రువానికి సుమారు 280 కిలోమీటర్ల సమీపంలో దాటి, అవతలి పక్కన దక్షిణానికి దిగుతుంది. గోడ మీది పటం చూసి ఈ సంగతి ఎవరూ ఊహించలేరు. 1569లో మెర్కేటర్ గీసిన పద్ధతిలో వచ్చిన పటాల్లో ధ్రువం అసలు కనిపించదు, దానికి దగ్గరయ్యేకొద్దీ ప్రాంతాలు సాగిపోతాయి. ఆఫ్రికాలో పద్నాలుగో వంతు ఉండే గ్రీన్‌లాండ్ ఆ పటంలో ఆఫ్రికా అంత పెద్దదిగా కనిపించడం కూడా అందుకే.

తరగతిలో ఒక గ్లోబు, ఒక దారం ఉంటే చాలు. దారం ఒక కొనను ఫిన్లాండ్‌లోని హెల్సింకి మీద, రెండో కొనను అలాస్కాలోని యాంకరేజ్ మీద అదిమిపట్టి బిగించమనండి. రెండు నగరాలూ 60 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి దగ్గరలోనే ఉన్నాయి కాబట్టి, దారం ఆ అక్షాంశ రేఖ వెంబడే నిలుస్తుందని పిల్లలు అనుకుంటారు. వదులుగా పట్టుకున్నంతసేపు నిలుస్తుంది కూడా. బిగించిన క్షణంలో అది జారిపోయి ధ్రువం పక్కకు చేరుతుంది. అక్షాంశ రేఖ వెంబడి వెళితే సుమారు 9,500 కిలోమీటర్లు, ధ్రువం మీదుగా వెళితే సుమారు 6,500 కిలోమీటర్లు.

అక్షాంశం:
ధన్యవాదాలు, ధ్రువరేఖ గారూ. మీరు చెప్పినట్లే దారం బిగించి చూశాను. హెల్సింకి – యాంకరేజ్ ఉదాహరణను పాఠంలో తప్పకుండా చేరుస్తాను. అయితే దారం చెప్పేది 15,340 అయినప్పుడు, విమానం 16,700 కిలోమీటర్లు ఎందుకు ఎగరవలసి వచ్చింది? ఇంధనానికి అంత ఖర్చు అవుతున్నప్పుడు వెయ్యికి పైగా కిలోమీటర్లు చుట్టు తిరగడానికి బలమైన కారణమే ఉండాలి.

గగనసంచారి:
నేను చాలాకాలం విమానాల ప్రయాణ ప్రణాళికలు తయారు చేసే విభాగంలో పనిచేశాను కాబట్టి ఈ ప్రశ్నకు కొంత వివరంగా జవాబు రాస్తున్నాను. బయలుదేరడానికి కొన్ని గంటల ముందు పైలట్‌కు అందే ప్రణాళిక పత్రంలో రెండు దూరాలు ఉంటాయి. మొదటిది నేల మీద కొలిచే దూరం. రెండోది గాలిలో కొలిచే దూరం, అంటే అదే ప్రయాణంలో విమానం తన చుట్టూ ఉన్న గాలిని కోసుకుంటూ వెళ్లే దూరం. ఆ రెండింటికీ పక్కన దారి పొడవునా గాలి సగటున ఎంత సాయం చేస్తుందో, ఎంత అడ్డుకుంటుందో తెలిపే చిన్న గుర్తు ఒకటి ఉంటుంది. ‘పీ 045’ అని ఉంటే గాలి సగటున 45 నాట్ల వేగంతో వెనుక నుంచి తోస్తుందని, ‘ఎమ్ 032’ అని ఉంటే 32 నాట్ల వేగంతో ఎదురొస్తుందని అర్థం. నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు, అంటే 1.852 కిలోమీటర్లు. ప్రణాళిక రాసేవాడు దారిని ఎంచుకునేటప్పుడు ముందుగా చూసేది నేల మీది దూరాన్ని కాదు, గాలిలోని దూరాన్ని. ఇంజిన్లు ఇంధనం కాల్చేది గాలిని కోయడానికే గనుక సమయమూ, ఇంధనమూ దానినిబట్టే ఉంటాయి.

ఇప్పుడు సింగపూర్ – న్యూయార్క్ దారిని చూడండి. ధ్రువం మీదుగా సూటిగా వెళితే నేల మీద తక్కువ దూరమే, కానీ గాలి సాయం పెద్దగా దొరకదు. జపాన్ వైపు వంగి ఉత్తర పసిఫిక్ మీదుగా, అలాస్కా, కెనడాల మీదుగా వెళితే నేల మీద దూరం పెరుగుతుంది, కానీ పడమర నుంచి తూర్పుకు వీచే బలమైన గాలి వెనుక నుంచి చాలా గంటలపాటు తోస్తుంది. అందువల్ల మీకు చిక్కుగా కనిపించిన విషయంలో చిక్కేమీ లేదు. 16,700 కిలోమీటర్లను 17 గంటల 52 నిమిషాలతో భాగిస్తే నేల మీద సగటు వేగం గంటకు 935 కిలోమీటర్లు వస్తుంది. గాలి కదలకుండా ఉంటే ఇలాంటి విమానం ఎగిరే ఎత్తుల్లో గంటకు సుమారు 900 కిలోమీటర్లు పోతుంది. పైకి ఎక్కేటప్పుడూ, కిందికి దిగేటప్పుడూ వేగం తక్కువగా ఉంటుందని గుర్తుంచుకుంటే, సగటు 935కు చేరిందంటే ఆకాశంలో గాలి ఎంత తోడ్పడి ఉంటుందో తెలుస్తుంది.

గాలి ఒక్కటే కారణం కాదు. ఏ దేశపు గగనతలం తెరిచి ఉందో, ఏది మూసి ఉందో కూడా చూడాలి. దీనికి హెల్సింకి – టోక్యో కంటే మంచి ఉదాహరణ లేదు. ఆ రెండు నగరాల మధ్య దూరం సుమారు 7,850 కిలోమీటర్లు. రష్యా మీదుగా వెళ్లినంతకాలం ఫిన్‌ఎయిర్ విమానానికి తొమ్మిదిన్నర గంటలు సరిపోయేది. 2022 ఫిబ్రవరిలో రష్యా గగనతలం యూరప్ సంస్థలకు మూతపడిన తర్వాత అదే ప్రయాణానికి సుమారు 13 గంటలు పట్టడం మొదలైంది. నగరాలు కదలలేదు, విమానం వేగం తగ్గలేదు, అయినా మూడున్నర గంటలు పెరిగాయి. 1983లో ఇదే సంస్థ సోవియట్ భూభాగాన్ని తప్పించుకుని ఉత్తర ధ్రువం మీదుగా టోక్యోకు విమానం నడిపినప్పుడు కూడా దాదాపు ఇంతే సమయం పట్టేది.

పర్వతాలు కూడా దారిని మారుస్తాయి. క్యాబిన్‌లో పీడనం పడిపోతే విమానం వెంటనే మూడు వేల మీటర్ల ఎత్తుకు దిగాలి. టిబెట్ పీఠభూమి సగటు ఎత్తే 4,500 మీటర్లు ఉన్నప్పుడు అక్కడ దిగడానికి చోటు ఉండదు. అందుకే చాలా విమానాలు ఆ ప్రాంతాన్ని పక్కకు తప్పించుకుని వెళతాయి. రెండు ఇంజిన్ల విమానాల విషయంలో ఇంకొక నిబంధన ఉంది. ఒక ఇంజిన్ ఆగిపోయినా, నిర్ణీత సమయంలో ఏదో ఒక విమానాశ్రయానికి చేరగలిగే దారిలోనే అవి వెళ్లాలి. 1953లో అమెరికాలో పెట్టిన ఆ హద్దు 60 నిమిషాలు. 1985లో అది 120 నిమిషాలకు పెరిగింది. 2014లో ఎయిర్‌బస్ ఏ350కి 370 నిమిషాల దాకా అనుమతి వచ్చింది. సముద్రాల మీద దారులు ఇంత సూటిగా మారడానికి, నాలుగు ఇంజిన్ల విమానాలు కనుమరుగు కావడానికి ఈ అంకె పెరగడమే పెద్ద కారణమని నా అభిప్రాయం.

పవనవీధి:
గగనసంచారి గారు చెప్పిన గాలి గురించి మరికొంత రాయాలనిపిస్తోంది, ఈ చర్చకు అదే మూలం. భూమికి సుమారు 9 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తులో, విమానాలు ఎగిరే ఎత్తులోనే, పడమర నుంచి తూర్పుకు వంకర్లు తిరుగుతూ వేగంగా పారే ఇరుకైన గాలి పాయలను జెట్ స్ట్రీమ్‌లు అంటారు. 1920లలో జపాన్ వాతావరణ శాస్త్రవేత్త వాసబురో ఓయిషి బెలూన్లు వదిలి వీటిని కొలిచారు. ఆయన తన ఫలితాలను కొద్దిమందికే తెలిసిన ఎస్పెరాంటో అనే కృత్రిమ భాషలో ప్రచురించడం వల్ల బయటి ప్రపంచం వాటిని చాలాకాలం గమనించలేదు. ఉష్ణమండలపు వెచ్చని గాలికీ, ధ్రువ ప్రాంతపు చల్లని గాలికీ మధ్య ఉష్ణోగ్రతలో తేడా ఎంత ఎక్కువగా ఉంటే ఈ పాయలు అంత ఉధృతంగా ఉంటాయి కాబట్టి శీతాకాలంలో వీటి బలం పెరుగుతుంది. జపాన్ పరిసరాల్లో గంటకు 300 కిలోమీటర్లు మించడం కూడా ఉంటుంది.

దూరం పెరిగినా సమయం తగ్గిన సందర్భం మరొకటి చెబుతాను. ఢిల్లీ – శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని ఎయిర్ ఇండియా మొదట్లో పడమరగా, అట్లాంటిక్ మీదుగా నడిపేది. ఆ దారి సుమారు 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబరులో దాన్ని తూర్పుకు తిప్పి పసిఫిక్ మీదుగా నడిపినప్పుడు దూరం సుమారు 15,300 కిలోమీటర్లకు పెరిగింది, ప్రయాణం మాత్రం పద్నాలుగున్నర గంటల్లో ముగిసింది, అంటే పాత దారికంటే దాదాపు రెండు గంటలు తక్కువ. పడమరగా వెళ్లేటప్పుడు ఎదురుగాలితో తలపడిన విమానమే తూర్పుగా తిరిగేసరికి అదే గాలి మీద సాగిపోయింది.

కాబట్టి అక్షాంశం గారూ, మీ పట్టికలో దూరం పక్కన ఒకే ఒక్క సమయం వేయడం నాకు సరైనదిగా కనిపించడం లేదు. వెళ్లేందుకు ఒకటి, వచ్చేందుకు ఒకటి ఉండాలి.

కొత్తసభ్యుడు:
చర్చ చదువుతుంటే చాలా ఆసక్తిగా ఉంది. నాదొక సందేహం. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతోంది. తూర్పుకు వెళ్లే విమానం భూమి తిరిగే దిక్కులోనే పోతోంది, పడమరకు వెళ్లే విమానానికి గమ్యమే ఎదురొస్తోంది. ఆ లెక్కన పడమర ప్రయాణమే త్వరగా ముగియాలి కదా? మీరు చెబుతున్నది అందుకు పూర్తిగా తలకిందులుగా ఉంది.

ధ్రువరేఖ:
ఈ సందేహం చాలామందికి వస్తుంది. విమానం నేల మీద నిలబడి ఉన్నప్పుడే భూమితోపాటు తిరుగుతోంది, చుట్టూ ఉన్న గాలి కూడా అలాగే తిరుగుతోంది. పైకి లేచినంత మాత్రాన ఆ వేగం పోదు. వాతావరణం భూమితో కలిసి తిరగకుండా నిశ్చలంగా ఉండిపోయినట్లయితే, భూమధ్యరేఖ మీద నిలబడినవారికి గంటకు దాదాపు 1,670 కిలోమీటర్ల వేగంతో గాలి తగలాలి. అలా జరగడం లేదు కనుక, భూమి తిరగడం వల్ల గమ్యం దగ్గరకు రావడం గానీ దూరం పోవడం గానీ ఉండదు. అయితే భూభ్రమణానికి ఇందులో పాత్ర లేదనడం కూడా సరికాదు. భూమధ్యరేఖ నుంచి ధ్రువాల వైపు కదిలే గాలి భూభ్రమణం వల్ల పక్కకు మళ్లి పడమటి గాలిగా మారుతుంది, జెట్ స్ట్రీమ్ అలా పుడుతుంది. భూమి తిరగడం విమానాన్ని నేరుగా తోయదు, దాన్ని తోసే గాలిని పుట్టిస్తుంది.

సూటిమాట:
సభ్యులు ఇచ్చిన సమాచారం విలువైనదే, కాని ఒక అభ్యంతరం చెప్పాలి. ఇది పిల్లల పట్టిక. పడమటి గాలి వెళ్లేటప్పుడు సాయం చేస్తే వచ్చేటప్పుడు అంతే అడ్డుకుంటుంది, రెండూ కలిపి చూస్తే లెక్క సరిపోతుంది. దూరాన్ని 900తో భాగించి, ఎక్కడానికీ దిగడానికీ అరగంట కలిపి రాస్తే చాలదా? గాలి సంగతులన్నీ పెడితే పిల్లలకు గందరగోళం తప్ప ఏమీ మిగలదు.

పవనవీధి:
సూటిమాట గారూ, రెండూ కలిపి చూస్తే లెక్క సరిపోతుందన్న మీ మాట వినడానికి న్యాయంగానే ఉంది, లెక్క చేస్తే మాత్రం నిలవదు. సులభమైన అంకెలు తీసుకుందాం. దూరం 9,000 కిలోమీటర్లు, విమానం వేగం 900, గాలి వేగం 100 అనుకోండి. గాలి లేకపోతే వెళ్లడానికి పది గంటలు, రావడానికి పది గంటలు, మొత్తం ఇరవై. గాలి వెనుక నుంచి వీస్తే వేగం 1,000 అవుతుంది, ప్రయాణం తొమ్మిది గంటల్లో ముగుస్తుంది, ఒక గంట మిగులుతుంది. ఎదురుగా వీస్తే వేగం 800కు పడిపోతుంది, ప్రయాణానికి పదకొండుంపావు గంటలు పడుతుంది, గంటంపావు నష్టమవుతుంది. మొత్తం ఇరవై గంటల పావు. సాయం దొరికే దారిలో విమానం త్వరగా దాటిపోతుంది కాబట్టి గాలి లాభాన్ని పొందే సమయం తక్కువ, ఎదురుగాలిలో గడిపే సమయం ఎక్కువ. అందువల్ల ఒకే దారిలో వెళ్లి వచ్చినప్పుడు గాలి మొత్తం మీద ఎప్పుడూ నష్టాన్నే మిగులుస్తుంది. ఈ లెక్క ఎనిమిదో తరగతి విద్యార్థి చేయగలడు, చేసినప్పుడు కలిగే ఆశ్చర్యం భాగించి రాసిన అంకె వల్ల కలగదు. గందరగోళం అవుతుందన్న భయంతో దీన్ని పిల్లలకు అందకుండా చేయకూడదని నా మనవి.

విమానాలు వెళ్లే దారిలోనే తిరిగి రానవసరం లేదు గనుక ప్రణాళిక రాసేవారు ఆ నష్టాన్ని తగ్గిస్తారు. ఉత్తర అట్లాంటిక్ మీద తూర్పుకు ఒక వరుస, పడమరకు మరో వరుస దారులను ఆ రోజు గాలినిబట్టి నిర్ణయిస్తారు. తూర్పుకు వెళ్లేవి జెట్ స్ట్రీమ్ మీద, పడమరకు వెళ్లేవి దానికి దూరంగా జరిగి ప్రయాణిస్తాయి.

మేఘమాల:
అట్లాంటిక్ ప్రస్తావన వచ్చింది కాబట్టి అందరికీ తెలిసిన లండన్ – న్యూయార్క్ ఉదాహరణను జోడిస్తున్నాను. దూరం సుమారు 5,540 కిలోమీటర్లు. వెబ్‌సైట్ల సూత్రం ప్రకారం ఏడు గంటల ఇరవై అయిదు నిమిషాలు రావాలి. నిజంలో లండన్ నుంచి న్యూయార్క్‌కు ఎనిమిది గంటల దాకా, తిరుగు ప్రయాణానికి ఏడు గంటల లోపు పడుతుంది. సూత్రం చెప్పిన సమయం రెండింటికీ మధ్యలో పడుతుంది గానీ, ఏ ప్రయాణికుడికీ అది అనుభవంలోకి రాదు. 2020 ఫిబ్రవరిలో సియారా తుఫాను సమయంలో ఒక బోయింగ్ 747 న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. ఆ ప్రయాణంలో నేల మీద దాని వేగం గంటకు 1,320 కిలోమీటర్లు దాటింది.

ఈ అంకె చూసి విమానం శబ్దవేగాన్ని మించిపోయిందని అప్పట్లో కొందరు రాశారు. అది పొరపాటు. ఆ ఎత్తులో, మైనస్ 56 డిగ్రీల చలిలో శబ్దవేగం గంటకు సుమారు 1,060 కిలోమీటర్లు. విమానం తన చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే ఎప్పటిలాగే శబ్దవేగంలో ఎనభై అయిదు శాతం దగ్గరే ఉంది. ఆ గాలి మొత్తం లండన్ వైపు కదులుతోంది, అంతే. నిజంగా శబ్దాన్ని మించి ఎగిరిన కాంకర్డ్ 1996 ఫిబ్రవరిలో అదే దారిని 2 గంటల 52 నిమిషాల 59 సెకన్లలో పూర్తిచేసింది. 2003లో ఆ విమానాలు నిలిచిపోయాక, ప్రయాణికుల విమానాల వేగం 1960లలో ఉన్నచోటికే తిరిగి వచ్చింది.

మీరు కిటికీ పక్కన కూర్చుని ప్రయాణిస్తే, ముందు సీటు వెనుక ఉండే తెర మీద ఈ విషయమంతా కనిపిస్తూనే ఉంటుంది. బయటి ఉష్ణోగ్రత, ఎత్తు స్థిరంగా ఉంటాయి. నేల మీది వేగం మాత్రం 880 నుంచి మెల్లగా 950కి, ఆపైన 1,040కి పెరుగుతుంది. ఇంజిన్ల ధ్వనిలో మార్పేమీ ఉండదు. జెట్ స్ట్రీమ్‌లోకి ప్రవేశించిన ఆనవాలు ఆ ఒక్క అంకెలోనే దొరుకుతుంది.

అక్షాంశం:
ఇన్ని విషయాలు తెలుస్తాయని అనుకోలేదు. టైమ్‌టేబుల్‌లోని సమయానికీ, నిజంగా గాలిలో గడిపే సమయానికీ తేడా ఎంత ఉంటుందో ఎవరైనా చెప్పగలరా? టికెట్ మీద రెండు నగరాల స్థానిక సమయాలే ఉండటం వల్ల, ప్రయాణం ఎన్ని గంటలన్నది లెక్కగట్టడంలో మా విద్యార్థులు తరచుగా తడబడుతున్నారు.

గగనసంచారి:
టైమ్‌టేబుల్‌లో ఉండేది గేటు నుంచి గేటు వరకు పట్టే సమయం. చక్రాల కింద అడ్డుపెట్టిన దిమ్మెలు తీసిన క్షణం నుంచి, గమ్యంలో మళ్లీ వాటిని పెట్టే వరకు లెక్క. అందులో రన్‌వే వరకు నేల మీద నడిచే సమయం, టేకాఫ్ కోసం వరుసలో నిలబడే సమయం, దిగాక గేటుకు చేరే సమయం అన్నీ కలిసి ఉంటాయి. పెద్ద విమానాశ్రయాల్లో రెండు చివరలూ కలిపి అరగంట నుంచి ముప్పావు గంట దాకా దీనికే పోతుంది. ఆపైన సంస్థలు ఆలస్యాలకు కొంత వెసులుబాటు కలుపుకుంటాయి, అందుకే బయలుదేరడం ఇరవై నిమిషాలు ఆలస్యమైనా విమానం సరైన సమయానికే చేరుతుంది.

అతి దూర ప్రయాణాల్లో ఇంధనం బరువు కూడా పెద్ద సమస్య. అదనంగా మోసే ఇంధనంలో గంటకు సుమారు మూడు, నాలుగు శాతం దాన్ని మోయడానికే ఖర్చవుతుంది. పద్దెనిమిది గంటల ప్రయాణంలో చివరి గంటకు కావలసిన ఇంధనాన్ని మొదటి పదిహేడు గంటలూ మోయాలి. సింగపూర్ ఎయిర్‌లైన్స్ 2004 నుంచి 2013 వరకు నాలుగు ఇంజిన్ల ఏ340–500తో నెవార్క్ సేవను నడిపి, ఇంధన ఖర్చు భరించలేక మానుకుంది. 2018లో దాన్ని మళ్లీ సాధ్యం చేసిన ఏ350–900 యూఎల్ఆర్ (అతి దూర ప్రయాణాల కోసం చేసిన) రకంలో 1,65,000 లీటర్ల ఇంధనం పడుతుంది. మూడు వందల మందికి పైగా పట్టే విమానంలో 161 సీట్లు మాత్రమే ఉంచారు. ఇంత బరువుతో మొదట్లోనే పూర్తి ఎత్తుకు వెళ్లలేదు కాబట్టి, ఇంధనం తరిగేకొద్దీ మెట్లు ఎక్కినట్లు ఒక్కో ఎత్తుకు పెరుగుతూ పోతుంది.

తొలిసంధ్య:
స్థానిక సమయాల లెక్కకు నేను తరచుగా వాడే పద్ధతి రాస్తున్నాను. రెండు సమయాలనూ ముందుగా అంతర్జాతీయ ప్రామాణిక సమయంలోకి, అంటే యూటీసీలోకి మార్చి, ఆ తర్వాతే తీసివేయాలి. శీతాకాలంలో ఒక విమానం సింగపూర్‌లో రాత్రి 11:30కు బయలుదేరి, న్యూయార్క్‌లో మరునాడు ఉదయం 5:10కి చేరుతుందనుకుందాం. గడియారం చూస్తే ఆరు గంటలు కూడా కాదు. సింగపూర్ యూటీసీకి 8 గంటలు ముందుంటుంది కాబట్టి బయలుదేరిన సమయం యూటీసీ ప్రకారం మధ్యాహ్నం 3:30. న్యూయార్క్ శీతాకాలంలో 5 గంటలు వెనుక ఉంటుంది కాబట్టి చేరిన సమయం మరునాటి ఉదయం 10:10. తేడా 18 గంటల 40 నిమిషాలు.

ఇక్కడ జాగ్రత్త పడవలసినది వేసవి సమయం దగ్గర. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారాలను గంట ముందుకు జరిపి, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తెస్తారు. సింగపూర్‌లో ఆ మార్పు లేదు. యూరప్‌లో ఆ తేదీలు వేరు, మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబరు చివరి ఆదివారం వరకు. అందుకే లండన్, న్యూయార్క్‌ల మధ్య ఏడాదిలో చాలాభాగం అయిదు గంటల తేడా ఉన్నా, మార్చిలోనూ, అక్టోబరు–నవంబరు సంధిలోనూ కొన్ని రోజులు నాలుగు గంటలే ఉంటుంది. విద్యార్థులకు ఇచ్చే లెక్కలో తేదీ తప్పనిసరిగా ఉండాలి.

సూటిమాట:
పవనవీధి గారి లెక్కను కాగితం మీద వేసి చూశాను, గాలి నష్టం గురించి వారు చెప్పింది పూర్తిగా సరైనది. అయినా పట్టికలో ఒక్కో జంటకు రెండు సమయాలు, ఒక దూరం ఉంటే చాలునని, దారి దూరం వేయకూడదని ఇప్పటికీ అంటాను. దారి దూరం ఈరోజు ఒకటి, రేపు ఒకటి. గోడ మీద ఏడాదంతా ఉండే పట్టికలో అలాంటి అంకె ఉండకూడదు.

ధ్రువరేఖ:
ఈ విషయంలో సూటిమాట గారితో ఏకీభవిస్తున్నాను. మహావృత్త దూరం వేసి, సమయాలను రెండు దిక్కులకూ విడివిడిగా, ‘సుమారు’ అని రాసి పెట్టండి. 16,700 లాంటి అంకెలను పాఠంలో నోటితో చెప్పండి.

అక్షాంశం:
అలాగే చేస్తాను. ఇక చివరి వరుస ఒకటి మిగిలింది. సిడ్నీ – లండన్ మధ్య ఆగకుండా వెళ్లే సేవ వస్తే పట్టికలో దానిదే మొదటి స్థానం అవుతుంది. దూరం 17,000 కిలోమీటర్లు దాటుతుందని చూశాను. ఇంతకంటే దూరమైన జంటలు ఇంకా మిగిలి ఉన్నాయా?

గగనసంచారి:
సిడ్నీ – లండన్ సుమారు 17,016 కిలోమీటర్లు. 1947లో క్వాంటాస్ ఆ దారిలో విమానం మొదలుపెట్టినప్పుడు డార్విన్, సింగపూర్, కలకత్తా, కరాచీ, కైరో, ట్రిపోలీలలో ఆగుతూ నాలుగు రోజుల్లో చేరేది. 2018 మార్చిలో పెర్త్ – లండన్ మధ్య 14,498 కిలోమీటర్లను ఆగకుండా సుమారు 17 గంటల్లో దాటడం మొదలైంది. 2019 నవంబరులో లండన్ నుంచి సిడ్నీకి కొద్దిమందితో నడిపిన పరిశోధన విమానం 19 గంటల 19 నిమిషాలు తీసుకుంది. ఆ రోజు అది తూర్పుకు వెళ్లింది. సిడ్నీ నుంచి లండన్‌కు పడమరగా రావాలంటే ఎదురుగాలిలో ఇంకా ఎక్కువ సమయం పడుతుంది, విమానం తట్టుకోవలసిన అసలు పరీక్ష ఆ దిక్కులోనే ఉంది.

ధ్రువరేఖ:
దూరం విషయంలో ఒక హద్దు ఉంది. భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు కాబట్టి, ఏ రెండు నగరాల మధ్యా అతి దగ్గర దారి 20,000 కిలోమీటర్లకు మించి ఉండదు. ఆ హద్దుకు బాగా దగ్గరగా ఉన్న జంట స్పెయిన్ రాజధాని మాడ్రిడ్, న్యూజిలాండ్ రాజధాని వెల్లింగ్టన్. వాటి మధ్య దూరం సుమారు 19,850 కిలోమీటర్లు. గ్లోబు మీద దారం బిగించి చూడండి, ఇంతవరకు చూసిన జంటలకు భిన్నంగా అది ఒకచోట నిలవదు. తూర్పుకు జరిపినా, పడమరకు జరిపినా, ఏ ధ్రువం వైపు జరిపినా పొడవు దాదాపు అంతే ఉంటుంది. అలాంటి జంటకు విమానం నడిపే రోజు వస్తే, దారి ఎంపికలో నేల మీది దూరానికి చెప్పుకోదగ్గ పాత్ర ఉండదు. ప్రణాళిక రాసేవారు ఆ రోజు గాలి ఎటు వీస్తోందో, ఏ గగనతలం తెరిచి ఉందో చూసి దిక్కును నిర్ణయిస్తారు.